ఆవు కొమ్ము షాంపేన్: ఫ్లెరీ వాళ్ల సీసాల మీద నా రివ్యూ

షాంపేన్ కొనడం అంటే పేరు కొనడమే కదా అనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. పారిస్ లో ఉండే మనవాళ్లం పుట్టినరోజుకో, గృహప్రవేశానికో, ఎవరికైనా పర్మనెంట్ ఉద్యోగం వచ్చిందనో సూపర్ మార్కెట్ కి పోయి అందరికీ తెలిసిన ఏదో ఒక లేబుల్ పట్టుకొచ్చేస్తాం, ఎందుకంటే తెలియని పేరు మీద నలభై యూరోలు పెట్టాలంటే చేతులు రావు, అది సహజమే. కానీ దాదాపు అదే డబ్బుకి ఫ్లెరీ అని ఒక చిన్న కుటుంబం చేసే షాంపేన్ దొరుకుతుంది, ఆర్గానిక్, పైగా బయోడైనమిక్ (ఆర్గానిక్ సేద్యానికి ఇంకొన్ని ఆచారాలు కలిపిన పద్ధతి, వివరం తర్వాత చెప్తా), తాగితే ఇది పండులోంచి వచ్చిందని నాలుకకి తెలుస్తుంది. ఆవు కొమ్ములూ చంద్రుడూ అని బయోడైనమిక్ వాళ్లు చెప్పే కథంతా నేను నమ్మను, ఎందుకు నమ్మనో కూడా చెప్తా. సీసా మాత్రం కొంటూనే ఉన్నా.

ముందు ఊరి సంగతి. షాంపేన్ అనేది వైన్ పేరే కాదు, అది తయారయ్యే ప్రాంతం పేరు కూడా. ఆ పేరు అనగానే రైమ్స్, ఎపర్నే అనే ఊళ్లు చెప్తారు, పెద్ద కంపెనీలన్నీ అక్కడే ఉన్నాయి కాబట్టి. ఫ్లెరీ వాళ్లది అక్కడ కాదు, బాగా దక్షిణాన ఓబ్ జిల్లాలో కూర్తెరాన్ అనే పల్లె. పారిస్ గార్ ద లెస్ట్ లో రైలెక్కితే గంటన్నరలో త్రువా, అక్కడ కారు తీసుకుని సెన్ నది వెంబడే పైకి పోతే బార్ సుర్ సెన్ దాటాక వస్తుంది. పారిస్ లో టూరిస్టు పడవలు తిరిగే అదే సెన్, ఇక్కడ చూస్తే మా ఊరి పంటకాలవంత ఉంటుంది, పిల్లలు రాయి విసిరితే అవతలి గట్టున పడేలా. రైమ్స్ కన్నా తెల్ల వైన్ కి పేరున్న షాబ్లీ అనే ఊరు దగ్గర ఇక్కడికి. నేల కూడా షాబ్లీలో ఉన్న రకమే, సున్నపురాయి కలిసిన బంకమన్ను, అందులో సముద్రం ఉన్న కాలం నాటి చిన్న చిన్న గవ్వల శిలాజాలు. ఉత్తరాన ఉండే తెల్ల సుద్ద నేల కాదు ఇది. ఈ ఏరియాని కోట్ దే బార్ అంటారు, సుమారు 8,000 హెక్టార్లు, అంటే మొత్తం షాంపేన్ తోటల్లో దాదాపు నాలుగో వంతు, ఎక్కువ భాగం పినో నువార్ అనే నల్లద్రాక్షే.

ఇంత భూమి ఉన్నా ఒకప్పుడు వీళ్లని షాంపేన్ వాళ్లే కాదన్నారు. 1908లో గీసిన సరిహద్దులో ఓబ్ ని బయట పెట్టేశారు, ఉత్తరాది షాంపేన్ కంపెనీలు అప్పటిదాకా వీళ్ల ద్రాక్షే తెచ్చుకుని వాడుకుంటూ ఉన్నాయి మరి. 1911లో రైతులు పారలు భుజాన వేసుకుని త్రువా వీధుల్లోకి వచ్చారు, పెద్ద గొడవే అయింది, చివరికి ప్రభుత్వం సరే మిమ్మల్నీ కలుపుతాం కానీ 'రెండో జోన్ షాంపేన్' అని రాసుకోండి అంది. అన్నం పెట్టి పక్క పంక్తిలో కూర్చోమన్నట్టు! ఆ రెండో జోన్ ముద్ర పోయింది 1927 చట్టంతో. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే ఓబ్ సీసాలు ఇప్పటికీ ఉత్తరాది వాటికన్నా కాస్త చవగ్గా దొరకడానికి ఈ పాత చులకన కూడా ఒక కారణం అని నా అనుమానం. మనకి లాభమే.

ఫ్లెరీ వాళ్లు 1895 నుంచీ ఉన్నారు. ఫిలోక్సెరా అనే వేరుపురుగు యూరప్ తోటలు చాలావరకు తినేశాక అంటుకట్టిన పినో నువార్ మొక్కలు ఈ చుట్టుపక్కల ముందుగా నాటినవాళ్లలో ఎమిల్ ఫ్లెరీ ఒకడు. తర్వాత 1929, ప్రపంచమంతా దివాలా తీసిన ఏడాది, ద్రాక్ష కొనే నాథుడు లేడు, కొడుకు రొబేర్ ఎవడూ కొనకపోతే నేనే సీసాల్లో పోసి అమ్ముకుంటా అని సొంత షాంపేన్ మొదలెట్టాడు. గిట్టుబాటు ధర రాక టమాటా రోడ్డు మీద పారబోసే మన రైతుల వార్తలు చూసినప్పుడల్లా నాకు ఈ రొబేర్ గుర్తొస్తాడు, పక్కన నిల్వ చేసుకునే దారి ఉన్నవాడు అదృష్టవంతుడు. ఆయన కొడుకు జాన్ పియేర్ 1989లో కొంత తోటని బయోడైనమిక్ కి మార్చాడు, షాంపేన్ మొత్తంలో మొదట చేసింది ఆయనే, 1992కల్లా మొత్తం తోట మార్చేశాడు. సుమారు 15 హెక్టార్లు, మన లెక్కలో 37 ఎకరాలు. ఇప్పుడు పిల్లలు చూసుకుంటున్నారు, జాన్ సెబాస్తియాన్ వైన్ చేస్తాడు, బెన్వా తోట చూస్తాడు, మోర్గాన్ పారిస్ లో షాపు నడుపుతుంది.

1989లో అలా మారడం అంటే ఎంత తిక్కపనో తెలియాలంటే అప్పటి షాంపేన్ నేల ఎలా ఉండేదో తెలియాలి. పారిస్ నగరం చెత్తని పొడి చేసి ఎరువు పేరుతో షాంపేన్ తోటల్లో చల్లేవాళ్లు, నిజంగానే, 1990ల దాకా సాగింది. అందులో ప్లాస్టిక్, గాజు, బ్యాటరీ ముక్కలు కూడా ఉండేవి. ఇప్పటికీ కొన్ని తోటల్లో కింద వంగి చూస్తే గోరంత నీలం ప్లాస్టిక్ ముక్కలు మట్టిలో కనపడతాయి, పాత చెత్త సంచులవి. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ద్రాక్షతోటల్లో మున్సిపాలిటీ చెత్త. దాని పైన కలుపు మందు.

ఇక కొమ్ముల సంగతికొద్దాం. బయోడైనమిక్ అనేది 1924లో రుడాల్ఫ్ స్టైనర్ అనే ఆయన ఇచ్చిన ఉపన్యాసాల్లోంచి పుట్టింది, ఇప్పటి పోలండ్ లో ఉన్న ఒక ఎస్టేట్ లో చెప్పాడు, ఆయన రైతు కాదు, తత్త్వవేత్త. ఆవు కొమ్ములో పేడ కూరి శరదృతువులో పాతిపెట్టాలి, వసంతంలో తీసి, హెక్టారుకి ఒక వంద గ్రాములు నీళ్లలో వేసి గంటసేపు కలపాలి, ఎలా పడితే అలా కాదు, ఒకవైపు సుడి వచ్చేదాకా తిప్పి మళ్లీ రెండోవైపు తిప్పాలి, తర్వాత సాయంత్రం నేల మీద చల్లాలి. దీన్ని 500 అంటారు. 501 అని ఇంకోటి, పలుగురాయి పొడి, అది హెక్టారుకి నాలుగైదు గ్రాములే, ఆకుల మీద చల్లడానికి. ఇవి కాక చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసి వేరు రోజు, ఆకు రోజు, పువ్వు రోజు, పండు రోజు అని కేలండర్.

తెలుగువాడికి ఇది వింతగా అనిపించదు. మృగశిర కార్తె వచ్చిందా, విత్తనం వేశారా అని అడిగే ఇళ్లలో పెరిగాం. పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గుప్పెడు గట్టు మట్టి 200 లీటర్ల డ్రమ్ములో వేసి కర్రతో తిప్పి జీవామృతం చేసి ఎకరానికి పోసే ప్రకృతి వ్యవసాయం ఆంధ్రాలో లక్షల మంది రైతుల దగ్గరికి వెళ్లింది. అయితే రెండూ ఒకటే అనేవాళ్లతో నాకు పేచీ ఉంది. జీవామృతంలో పది కేజీల పేడ ఉంటుంది, బెల్లం తిని సూక్ష్మజీవులు పెరుగుతాయి, పులిసిన వాసన ముక్కుకే తెలుస్తుంది, అందులో ఒక పదార్థం ఉంది, పని చేయడానికి ఒక దారి ఉంది. హెక్టారుకి వంద గ్రాములేంటి, నాలుగు గ్రాములేంటి, అది హోమియోపతి. అంచేత కొమ్ము వల్ల వైన్ రుచి మారిందని ఎవరన్నా అంటే నేను నవ్వి ఊరుకుంటా.

కానీ తోటలోకి వెళ్లి చూస్తే తేడా ఉంది, అది కొమ్ము వల్ల కాకపోయినా. మా బాబాయ్ కి గూడూరు దగ్గర నిమ్మతోట ఉంది, పిన్నితో కలిసి మా దగ్గరికి వచ్చినప్పుడు ఐఫిల్ టవర్ అరగంటలో చూసేసి 'ఏరా, ఇక్కడ సేద్యం చేసేవాళ్లని చూపించవా' అన్నాడు, సరే అని అటు తీసుకెళ్లా. ఆయన మందు ముట్టడు, కాబట్టి సీసాల జోలికి పోకుండా మట్టి మీదే కూర్చున్నాడు. రోడ్డుకి ఒక పక్క ఎవరిదో మామూలు తోట, తీగ మొదళ్ల కింద గడ్డి మాడిపోయి నారింజ రంగులో ఒక చార, ఆ చార అలా కొండ పైదాకా గీత గీసినట్టు పోతుంది, మట్టి పైన పెచ్చు కట్టి గట్టిగా ఉంది. ఇంకో పక్క ఆర్గానిక్ తోట, సాళ్ల మధ్య గడ్డి, ఏవో చిన్న పసుపు పూలు, మొదళ్ల దగ్గర గుంటక తోలిన ఆనవాళ్లు, చేత్తో పట్టుకుంటే మట్టి పొడిపొడిగా విడిపోతుంది. బాబాయ్ రెండు పక్కలా గుప్పెడు తీసి నలిపి చూసి 'ఇది బతికుందిరా' అన్నాడు, అంతే, ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు.

తర్వాత ఒక ఆకు తిప్పి చూసి, దాని మీద నీలం మరకలు చూసి 'ఇది బోర్డో మిశ్రమం కాదూ? మరి మందులు కొట్టరన్నావు?' అని నన్ను పట్టుకున్నాడు. కరెక్టే. ఆర్గానిక్ అంటే ఏమీ కొట్టరని కాదు, మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం కొట్టొచ్చు, గంధకం కొట్టొచ్చు. అసలా మిశ్రమం పుట్టిందే ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో, 1880ల్లో బోర్డో వైపు రోడ్డు పక్క తీగలకి దొంగలు పళ్లు కోయకుండా నీలంగా కనపడాలని పూసేవాళ్లు, ఆ తీగలకి బూజు తెగులు రాలేదని మియార్దే అనే ప్రొఫెసర్ గమనించాడు. కాకపోతే మైలుతుత్తంలో ఉండే రాగి నేలలో పేరుకుపోతుంది, ఎక్కడికీ పోదు, అందుకే యూరప్ లో ఏడేళ్లకి కలిపి హెక్టారుకి 28 కేజీలు మించకూడదని పరిమితి పెట్టారు. వానలు ఎక్కువ పడే షాంపేన్ లో ఆ లెక్కలో బతకడం కష్టం. 2021లో ఏప్రిల్ మంచుకి చిగుళ్లు మాడిపోయాయి, మిగిలినవాటి మీద వానలతో బూజు తెగులు పడింది, ఆ ఏడాది ఆర్గానిక్ వాళ్లు చాలామంది పంట ఊడ్చిపెట్టుకుపోయింది. సీసా ధర గురించి గొణిగేటప్పుడు ఇది కూడా లెక్కలో వేస్కోవాలి.

అంటే నా లెక్క ఇది: గంటసేపు కొమ్ము పేడ తిప్పే ఓపిక ఉన్నవాడు గడ్డి తీయడానికి కలుపుమందు డబ్బా ఎత్తడు, గుంటక తోలతాడు, తోటలో రోజూ తిరుగుతాడు, తెగులు మొదటి మచ్చ దగ్గరే పట్టుకుంటాడు. రుచి అక్కడినుంచి వస్తోంది. కొమ్ము లేకుండా అదే పని చేసినా అదే రుచి వస్తుందని నా నమ్మకం, నిరూపించలేను.

సీసాల దగ్గరికొద్దాం ఇక.

మొదట కొనాల్సింది బ్లాం ద నువార్. పూర్తిగా పినో నువార్. నల్లద్రాక్షతో తెల్ల వైన్ ఎలా అంటే రంగు తొక్కలోనే ఉంటుంది, గుజ్జు తెల్లగానే ఉంటుంది, కోసిన గెలల్ని గెలలుగానే మెల్లగా పిండితే రంగు దిగదు. షాంపేన్ రూల్ ప్రకారం 4,000 కేజీల పళ్ల నుంచి 2,550 లీటర్లే రసం తీయాలి, ఇంకా నొక్కి పిండుకోవడం కుదరదు. దాన్ని ఒకసారి పులియబెట్టి వైన్ చేసి, సీసాలో పోసి కాస్త పంచదార, ఈస్టు వేసి మూత బిగిస్తే లోపలే రెండోసారి పులుస్తుంది, ఆ గ్యాసు బయటికి పోలేక వైన్ లో కరిగిపోతుంది, అదే బుడగ. లోపల ఆరు బార్ల ప్రెషర్, కారు టైరులో ఉండేదానికి రెండింతల పైనే, అందుకే సీసా అంత మందం. చనిపోయిన ఈస్టు మీద నెలల తరబడి అలా పడుకోబెడతారు, రూల్ ప్రకారం మొత్తం కనీసం 15 నెలలు, మంచివాళ్లు ఇంకా ఎక్కువే ఉంచుతారు. ఆ బేకరీ వాసన అక్కడినుంచే.

ఫ్రిజ్ లోంచి తీసిన వెంటనే పోస్తే ఈ బ్లాం ద నువార్ ఏమీ చెప్పదు, చల్లదనం, పులుపు, అంతే. మా ఇంట్లో మొదటి గుక్క తాగి మా ఆవిడ 'దీనికా ఇంత బిల్డప్' అంది. పావుగంట ఆగాం. అప్పుడు ముందు ఎర్ర యాపిల్ తొక్క వాసన వచ్చింది, తర్వాత మా ఇద్దరికీ ఒకేసారి రేగిపళ్లు గుర్తొచ్చాయి, కాస్త మగ్గిన పెద్ద రేగిపళ్లు, ఆ తర్వాత వేయించిన బాదం. రంగు లేత బంగారం, వెలుతురుకి పెడితే అందులో సన్నగా రాగి ఛాయ. బుడగ చిన్నది, గొంతులో పొడవదు. అన్నిటికన్నా నాకు నచ్చిందేంటంటే మింగాక నోట్లో ఉప్పగా ఒక చివర ఉంటుంది, తియ్యదనం కాదు, ఆ ఉప్పదనం వల్ల ఇంకో గుక్క కావాలనిపిస్తుంది, తీపి ఎక్కువున్న సీసాలు రెండో గ్లాసుకే మొహం మొత్తుతాయి. పొడుగు సన్నటి గ్లాసులు వద్దు, ఫొటోకి బాగుంటాయి కానీ ముక్కు దూరదు, మామూలు వైట్ వైన్ గ్లాసులో పోస్కోండి. ఇంకో మాట, కార్క్ తీసేటప్పుడు కార్క్ గట్టిగా పట్టుకుని సీసాని తిప్పాలి, మెల్లగా చీదినట్టు చిన్న శబ్దం రావాలి. సినిమాల్లో లాగా పేల్చితే మూడో వంతు కార్పెట్ కి పోతుంది, ఆరు బార్లు అని చెప్పా కదా, కంటికి తగిలితే ఆస్పత్రే.

ఫ్లర్ ద లూరోప్ అని ఇంకోటి, పినో నువారే ఎక్కువ, కొంచెం షార్డొనే, బ్రూట్ నేచర్, అంటే చివర్లో పంచదార అస్సలు కలపరు. మామూలుగా ఈస్టు మడ్డి తీసేశాక సీసా నింపేటప్పుడు కాస్త తీపి వైన్ కలుపుతారు, బ్రూట్ అంటే లీటరుకి 12 గ్రాముల లోపు, ఎక్స్‌ట్రా బ్రూట్ అంటే 6 లోపు. పంచదార లేకపోతే పచ్చి పండుతో చేసిన వైన్ మొహం మీద కొట్టినట్టుంటుంది, దాచడానికి ఏమీ ఉండదు. ఇందులో అలా లేదు, పండు మగ్గాకే కోశారని తెలుస్తోంది. కానీ షాంపేన్ కొత్తగా తాగేవాళ్లకి దీంతో మొదలెట్టొద్దు, నిమ్మరసం తాగించావేంటి అంటారు. మా ఫ్రెండ్ ఒకడు అన్నాడు కూడా, వాడు స్వీట్ లైమ్ సోడా బ్యాచ్.

రోజే ద సైన్యే విషయంలో ఇంట్లో గొడవ. షాంపేన్ లో పింక్ వైన్ చాలావరకు తెల్లదాంట్లో కొంచెం ఎర్ర వైన్ కలిపి చేస్తారు, అక్కడ అది లీగలే. వీళ్లు అలా కాకుండా తొక్కలతో కొన్ని గంటలు నాననిచ్చి రంగు దించుతారు, దానివల్ల రంగు ముదురు, రుచిలో కూడా తొక్కల వగరు కాస్త ఉంటుంది, నేరేడుపండు తిన్నాక నాలుక మీద మిగిలేలాంటిది. మా ఆవిడకి ఇదే నెంబర్ వన్. నాకు ఒట్టిగా తాగితే బరువు, తిండితో అయితే అదుర్స్.

నోట్ బ్లాంష్ అనేది పూర్తిగా పినో బ్లాం ద్రాక్షతో చేసింది. షాంపేన్ అంతా వెతికినా పినో బ్లాం లాంటి పాత మైనర్ రకాలన్నీ కలిపి ఒక్క శాతం కూడా లేవు, కాబట్టి వింత కోసం ఒకసారి తాగాలి. పూల వాసన, కాస్త మైనం లాంటి నునుపు. బాగుంది, కానీ ధర చూసి నేనైతే ఆ డబ్బుకి బ్లాం ద నువార్ ఇంకోటి తెచ్చుకుంటా. సొనాట్ అని, వైన్ పాడవకుండా వేసే సల్ఫైట్లు కలపకుండా చేసేది కూడా ఉంది, అది ఇంకా ఖరీదు, ఫ్రెండ్స్ తో పంచుకుని తాగాం, వాసనలో కోసిన యాపిల్ గాలికి వదిలేసినట్టు ఒక ఛాయ ఉంటుంది, న్యాచురల్ వైన్ అలవాటున్నవాళ్లు పండగ చేసుకుంటారు, అలవాటు లేనివాళ్లు పాడైందా అని అడుగుతారు. సల్ఫైట్లు లేకపోతే తలనొప్పి రాదు అని చెప్పేవాళ్ల మాట పెద్దగా పట్టించుకోకండి, మూడో గ్లాసు తర్వాత వచ్చే తలనొప్పి ఆల్కహాల్ దే.

తిండి. ఇక్కడ మన జెండా ఎగరేయొచ్చు. షాంపేన్ కి ఆల్చిప్పలు, కేవియర్ అంటారు కానీ అసలు దానికి కావాల్సింది ఉప్పు, నూనె, కరకర, ఈ మూడిట్లో మనల్ని కొట్టేవాళ్లు లేరు. ఉల్లి పకోడీ, కరివేపాకు బాగా వేసింది, కారం తగ్గించి చేస్తే బ్లాం ద నువార్ తో అద్భుతం, నూనెని పులుపు కడిగేస్తుంది, ఉల్లిపాయ తీపి వైన్ లో ఉన్న పండుని పైకి తెస్తుంది. జంతికలు, చేగోడీలు కూడా సూపర్, ఊరి నుంచి అత్తయ్య పంపిన డబ్బా ఖాళీ అయిపోయింది. రొయ్యల వేపుడు మిరియాలతో చేస్తే రోజేకి. కరివేపాకు, కొబ్బరి, మిగతా సరుకంతా లా షపెల్ లో శ్రీలంక తమిళుల షాపుల్లో దొరుకుతుంది, పారిస్ లో ఉన్నవాళ్లకి తెలిసిందే. పని చేయనివి కూడా చెప్తా: మిరపకాయ బజ్జీ వద్దు, బుడగలు కారాన్ని రెట్టింపు చేస్తాయి, నోరు మంటెత్తిపోతుంది. చింతపండు చేపల పులుసు వద్దు, పులుపు మీద పులుపు పడి వైన్ నీళ్లలా అయిపోతుంది. ఆవకాయ సంగతి అడగనే అడగొద్దు. గోంగూర మటన్ రోజేతో నప్పుతుందని నేను ఆశపడ్డా, గోంగూర గెలిచింది, వైన్ ఎక్కడుందో కూడా తెలియలేదు.

ఎక్కడ కొనాలి అంటే పారిస్ లో ర్యూ సాం దెనీలో 'మా కావ్ ఫ్లెరీ' అని కుటుంబం సొంత షాపే ఉంది, గ్లాసు లెక్కన కూడా తాగొచ్చు, సీసా కొనేముందు రుచి చూస్కోవచ్చు, వేరే ఆర్గానిక్ రైతుల వైన్లు కూడా పెడతారు. చిన్న షాపు, శుక్రవారం సాయంత్రం నిలబడాల్సి వస్తుంది. ఆ వీధికి రాత్రి పూట వ్యభిచారం వీధి అని పాత చెడ్డపేరు ఉంది, చుట్టాలని తీసుకెళ్లేవాళ్లు పగలు వెళ్లండి. అక్కడినుంచి ఉత్తరానికి కాస్త నడిస్తే పసాజ్ బ్రాడీ, అంతా ఇండియన్, పాకిస్తానీ హోటళ్లు, అటు డిన్నర్ కి పోవచ్చు, తిండి అంత గొప్పగా ఏం ఉండదు గానీ దగ్గర. కూర్తెరాన్ పల్లెకే వెళ్లాలనుకుంటే ముందు మెయిల్ పెట్టుకుని వెళ్లండి, ఇలాంటి చిన్న చోట్ల రిసెప్షన్ అంటూ ఎవరూ కూర్చోరు, ద్రాక్ష కోతలప్పుడు, అంటే ఆగస్టు చివర్నుంచి సెప్టెంబర్, అసలు వెళ్లొద్దు, వాళ్లకి తిండి తినడానికే టైం ఉండదు. కారు లేకుండా త్రువా నుంచి అక్కడికి చేరడం తలనొప్పి, మైనస్ అంటే అదొక్కటే పెద్దది, తాగేవాడు నడపకూడదు కాబట్టి ఒకళ్లు త్యాగం చేయాలి, మా బాబాయ్ లాంటి వాళ్లుంటే అదృష్టమే కానీ ఆయనకి ఫ్రాన్స్ లైసెన్స్ లేదాయె.

లేబుల్ మీద ఒక చిన్న సంగతి చూస్కోండి, ఫ్లెరీ అనే కాదు ఎవరిదైనా. ఆకుపచ్చ మీద తెల్ల నక్షత్రాలతో ఆకు గుర్తు ఉంటే యూరప్ ఆర్గానిక్. డిమీటర్ అని ఉంటే బయోడైనమిక్ సర్టిఫికెట్ ఉన్నట్టు. 'ప్రకృతిని గౌరవించే సేద్యం' లాంటి తీపి మాటలు వెనక రాసి ఏ గుర్తూ లేకపోతే అది మార్కెటింగ్. 2012కి ముందైతే యూరప్ లో ఆర్గానిక్ వైన్ అని రాసే రూలే లేదు, ఆర్గానిక్ ద్రాక్షతో చేసిన వైన్ అని మాత్రమే రాసేవాళ్లు, పాత సీసాలు కనపడితే కంగారు పడకండి.

ఇండియాకి తీసుకెళ్లేవాళ్లకి: పెద్దవాళ్లకి తలా రెండు లీటర్లు డ్యూటీ లేకుండా అనుమతి, అంటే 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు. షాపులో కొన్నవి చెకిన్ లగేజీలోనే పెట్టాలి, సీసా మందమే కానీ మెడ దగ్గర దెబ్బ తగలకుండా టవల్స్ చుట్టి మధ్యలో పెట్టండి. దిగాక పడుకోబెట్టినా నిలబెట్టినా పర్లేదు, వేడి, వెలుతురు మాత్రం తగలకూడదు, వంటింటి అటక మీద అసలు పెట్టొద్దు. ఫ్రిజ్ లో కింది అరలో పెట్టి నెలలోపు తాగేయండి. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తుంటే సీసాలు ఇక్కడే వదిలేసి ఇంట్లోవాళ్లకి చాక్లెట్లు తీసుకెళ్లండి, చాక్లెట్లూ కరుగుతాయి అనుకోండి, కానీ అవి పది యూరోలే.